ఎనభై దగ్గర ఆగిపోయిన పాదరసం

చలి మొదలైందని నిన్న రజాయిల పెట్టె తెరిస్తే గుప్పున కలరా ఉండల వాసన వచ్చింది. తొంభైలలో ఢిల్లీలో చదువుకున్న మిత్రులారా, ఈ వాసనకి మీకూ తొమ్మిదో తరగతి ల్యాబ్ గుర్తొస్తుందా?

ఆ ల్యాబ్‌లో ఒకరోజు నేనూ, మా క్లాసులో నాతోపాటు ఉన్న ఒకే ఒక్క తెలుగమ్మాయి పద్మా కలిసి ఆ ఉండల పొడిని గాజు గొట్టంలో వేసి, వేడినీళ్ల బీకరులో పెట్టి కరిగిస్తున్నాం. నిమిషానికోసారి నేను థర్మామీటర్ చూసి చెబితే తను రాసేది. చకచకా ఎక్కిన పాదరసం ఎనభై దగ్గర ఆగిపోయింది. కింద మంట మండుతూనే ఉంది. ఐదు నిమిషాలైనా అదే ఎనభై.

"థర్మామీటర్ ఖరాబ్ అయిందే. ఎనభై ఒకటి, ఎనభై రెండు అని రాసెయ్" అన్నాను.

"పక్కానా?"

"అరే, మంట ఉంటే వేడి పెరగదా?"

నమ్మి రాసేసింది.

మేడమ్ నోట్‌బుక్ చూసి, "కరిగేటప్పుడు టెంపరేచర్ పెరగదు. ఈ అంకెలు ఎవరు పుట్టించారు?" అని హిందీలో గద్దించారు. పద్మ నావైపు చూసింది. నేను బీకరువైపు చూశాను.

"నేనే మేడమ్" అంది పద్మ. ప్రాక్టికల్‌కి సున్నా వేశారు.

బయటికొచ్చాక నేను నోరు తెరిచేలోపే, "మరి అంత వేడీ ఎక్కడికి పోయిందే?" అని మామూలుగా అడిగింది.

ఆ వేడంతా కరగడానికే ఖర్చవుతుందన్న జవాబు తర్వాత పుస్తకంలో దొరికింది. పద్మ నా పేరెందుకు చెప్పలేదో మాత్రం ఇప్పటికీ అంతుపట్టలేదు.