దారి తప్పనివ్వని హెన్రీ బావ

మ్యాప్‌లో తప్పు కనిపిస్తే మా హెన్రీ బావకు అన్నం సహించదు. ఫోన్లో దారి చూపించే మ్యాపుల్లో, తప్పులుంటే ఎవరైనా ఉచితంగా దిద్దగలిగేది ఒకటుంది. బావ ఉద్యోగం పోచారంలో, కాపురం నాచారంలో, ప్రాణం మాత్రం ఆ మ్యాప్‌లో.

నా పెళ్లిరోజున చర్చికి వెళ్తూ ఉప్పల్ చౌరస్తా దాటగానే కారు ఆపేశాడు. "ఈడ యూ-టర్న్ మూసేసిన్రు. మ్యాప్‌ల ఇంకా ఉన్నది!" అంటూ దిగి ఫొటోలు మొదలుపెట్టాడు.

మా మరియా అక్క అద్దం దించి అరిచింది. "పెండ్లి పిలగాడు కోటేసుకొని ఉడికిపోతున్నడు, ఎక్కుతవా లేదా?"

"పిలగాడు ఏడికి పోతడే? యూ-టర్న్‌ను నమ్ముకొని వచ్చేటోళ్లు ఏం గావాలె?"

ఆదివారం పాస్టరు గారు ఇరుకు దారి గురించి ప్రసంగిస్తుంటే కూడా అంతే. "టూవీలర్ పడతదా?" అని నా చెవిలో గొణిగాడు.

నాచారం ఫ్యాక్టరీల వెనక ఒక కాలనీకి వెనక గేటు ఉండేది. కాలనీవాళ్లు దానికి తాళం వేసేశారు. మ్యాప్ మాత్రం అది మెయిన్ రోడ్డుకు దగ్గరి దారి అని చూపిస్తూనే ఉంది. ఆటోలు, డెలివరీ బండ్లు అక్కడిదాకా వచ్చి, ముక్కు గేటుకు తగిలాక తిట్టుకుంటూ తిరిగిపోయేవి. బావ మ్యాప్‌లో ఆ దారి మూసేశాడు. కొన్నాళ్లకు తన ఘనకార్యం చూపించడానికి నన్ను తీసుకెళ్లాడు.

"సూడు బామ్మర్దీ, నేను ఫోన్ల గేటు మూసినంక ఒక్క బండన్న దారి తప్పి వచ్చిందా?"

రాలేదు. గేటు పక్కన చాయ్ బండి దగ్గరున్న ముసలామె మాత్రం ఆ మాట విని నడుం మీద చేయి పెట్టుకొని వచ్చింది. ఆమె సాలమ్మ.

"ఫోన్ల గేటు మూసినోనివి నువ్వేనా బిడ్డా?"

"నేనే అవ్వా!" బావ మెప్పు కోసం ఛాతీ విరుచుకున్నాడు.

"నీ ఫోన్ పాడుగాను! దారి తప్పి వచ్చేటోళ్లే గదరా నా గిరాకీ! తిట్టుకుంట బండి తిప్పుతుండ్రి, తిప్పి తిప్పి అలిసి చాయ్ తాగుతుండ్రి. ఇప్పుడు కాకులు గుడ వస్తలేవు."

బావ ముఖం వాడిపోయింది. నేను మెల్లగా అన్నాను. "మళ్ల తెరిచి పెట్టు బావా. ఎవరికి ఎరుక?"

"అబద్ధం పెట్టాల్నా? అంబులెన్సోడు గుడ గిదే సూసుకుంట వస్తడు. పేషంటును గేటు కాడ ఆపుతమా?"

అక్కడే నిలబడి సాలమ్మ బండిని మ్యాప్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు.

"అల్లం చాయ్ అని రాయి బిడ్డా."

"అల్లం నిజంగ ఏస్తవా?" చూడకుండా రాసే రకం కాదు. రెండు చాయ్‌లు తాగి, తృప్తి పడ్డాకే రాశాడు.

ఆనాటి నుంచి సాయంత్రమైతే చాలు, "గేటు తెరిచిన్రేమో సూసొస్త" అని బావ బయలుదేరేవాడు. మ్యాపులు దిద్దే దోస్తులను కూడా పరిశీలన పేరుతో లాక్కుపోయేవాడు. "గా గేటుకు నువ్వేమన్న వాచ్‌మన్‌వా?" అని అక్క విసుక్కునేది.

మొన్న అటు పని పడి వెళ్లాను. గేటు లేదు. దాని చోట ఇటుక గోడ ఉంది, దాని మీద నాచు కూడా పట్టింది. గోడ కింద బావా, అతని దండూ గ్లాసులు పట్టుకొని ఏదో సందు వన్‌వేనా కాదా అని కొట్లాడుకుంటున్నారు. సాలమ్మ నవ్వుతూ చాయ్ పోస్తోంది.

"బావా, గేటేది?"

"తీసేసి గోడ కట్టిన్రు."

"ఎప్పుడు?"

"శానా దినాలైంది."

"మరి రోజూ ఏం సూడనీకి వస్తున్నవ్?"

బావ నా వైపు చూడకుండా చాయ్ ఊదుకున్నాడు. "గోడ ఉన్నదా లేదా సూసుకోవాలె గద. కూలిపోతే?"

సాలమ్మ అతని గ్లాసులో ఇంకొంచెం పోసింది. "గట్టి గోడనే బిడ్డా. అయినా రేపు గుడ ఒకసారి వచ్చి సూడు."