మోడెం కూత

హోప్ టౌన్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళే పడవలో నా పక్కన ఒక నడివయసు ఆవిడ పాత కంప్యూటర్ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదుటి సీటులో మనిషి నవ్వాడు.

“ఏటి దీదీ, ఈ తుక్కు కబాడ్ ఇంకా మోస్తున్నారా? సముద్రంలో పడెయ్యండి.”

“కబాడ్ కాదు భయ్యా. ఆడదానికి నెట్ ఎందుకని మా మామగారు రోజూ ఫోన్ వైరు పీకేసేవోరు. నేను మళ్ళీ పెట్టేదాన్ని. దీంతోనే రంగత్‌లో ఉన్న మా చెల్లికి మెయిల్ రాసేదాన్ని.”

“ఇప్పుడు పాడైంది కదా?”

“బాగవదని బజార్లో రిపేరు షాపోళ్ళు అంటన్నారు. నా ముందర విప్పి చూసి చెప్పమను!”

“ఆ రోజుల్లో లైను కలిసేదా అసలు?” అన్నాడతను వెటకారంగా.

ఆవిడ గొంతు సవరించుకుని, లైను కలిసేటప్పుడు మోడెం పెట్టే కీచుకూతను అచ్చంగా పలికించింది. అందరూ తిరిగి చూశారు. కొందరు నవ్వారు. ఆవిడ ఇంకా గట్టిగా కూసింది.

పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్ నెట్ షాపులో ఆ కూత కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న సాయంత్రాలు నాకు గుర్తొచ్చాయి. ఆ కబుర్లు చెబితే పాతకాలం మనిషినని నవ్వుతారని ఎవరి దగ్గరా ఎత్తను. ఆవిడ ఊపిరి అయిపోయేసరికి, చివర వచ్చే బుసను నేను అందుకున్నాను.

“అదీ! కలిసింది!” అంది ఆవిడ, నా భుజం చరిచి.

నన్నెవరైనా పాతకాలం మనిషి అంటే నేనిప్పుడు తల దించుకోను.