ఎస్తేరు చెప్పిన గ్రహాలు

నక్షత్రాలను చేసి, వాటి చుట్టూ మన ఊహకు అందని లోకాలను తిప్పుతున్న దేవునికి స్తోత్రం. ఆయన పనులు తలచుకుంటే ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు నవ్వు వస్తోంది. ఆ నవ్వు కింద ఏళ్ల తరబడి ఒక బరువు ఉంది. నేను దొంగతనం చేశాను. దొంగిలించినదానికి దేవుని పేరు పెట్టాను.

మాది కోసిగి దగ్గర పల్లె. పనికోసం ఊరు విడిచి పోవడాన్ని మేము సుగ్గికి పోవడం అంటాం. పోయినవాళ్లు తిరిగొచ్చిన మొదటి ఆదివారం మా మందిరంలో కృతజ్ఞత కూడిక జరుగుతుంది. ఆ ఏడు వాక్యం చెప్పే వంతు నాది. ముందురోజు మా అక్క చేనులో వేరుశనగ కాయలు తెంపుతున్నాం. అక్క కూతురు ఎస్తేరు అప్పుడు కర్నూలులో భౌతికశాస్త్రం చదువుతోంది.

"మామా, గురుగ్రహమంత పెద్దవి కొన్ని, వాటి సూర్యునికి అంటుకున్నట్ల తిరుగుతాండాయి. పుట్టింది ఆడ కాదంట. యాడనో దూరంగా, సల్లని చోట పుట్టి, సుగ్గికి పోయినట్ల లోపలికి పోయినాయి."

"ఎవరు తోలినారే?"

"కొన్నిట్ని చుట్టూ ఉండే దుమ్మూ గాలీ మెల్లగ ఈడ్చింటాది. కొన్నిట్ని పక్క గ్రహమే తోసింటాది, దాయాదుల మాదిరి. ఆ సెగకు పూరీ లెక్క ఉబ్బుతాయి. మనకు వారం తిరక్కముందే వాటికి ఏడాది అయిపోతాది. పై గాలి ఎగిరిపోతాంటాది. కొన్నిటికి లోపలి గట్టి ముద్దే మిగులుతాది. కొన్ని ఆఖరికి ఆ మంటలోనే పడిపోతాయంట. దేవుని దగ్గరికి పోతే మన గర్వం గూడ అట్లే ఎగిరిపోవల్ల కదా మామా? రేపు నేను సాక్ష్యంలో ఇదే చెప్తా. సంఘం పెద్దోళ్లను అడిగి నాకు రోంతసేపు ఇప్పియ్యి."

సరేనన్నాను. అడగలేదు. మరునాడు వాక్యంలో ఆమె మాటలన్నీ నావే అన్నట్టు నేనే చెప్పేశాను.

"గ్రహాలు గూడ సుగ్గికి పోతాండాయంటనే!" అని ఒక ముసలాయన గట్టిగా అన్నాడు. మందిరమంతా నవ్వింది. తర్వాత చాలామంది కళ్లు తుడుచుకున్నారు. బయట సంఘపెద్ద నా భుజం పట్టుకున్నాడు. "ఏమప్పా, యాడ దొరికె నీకు ఇంత మాట?"

"తెల్లారి ప్రార్థనలో ప్రభువు బయలుపరిచినాడన్నా."

మా సంఘంలో ఆ మాటకు ఎదురుప్రశ్న ఉండదు. అది తెలిసే అన్నాను. పక్కనే ఉన్న ఎస్తేరు, "ప్రభువు నిన్న మా చేనికి వచ్చింటాడులే మామా," అని నాకు మాత్రమే వినపడేట్టు అని, నవ్వి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె ఎన్నడూ సాక్ష్యానికి లేవలేదు.

ఎందుకు చేశాను? నాకు దక్కని వెలుగు ఒక చిన్నపిల్లకు దక్కిందన్న అసూయా? లేక, అంత పెద్ద సంతోషాన్ని ఎవరి నోటి నుంచో వినడం కంటే నాదే అనిపించుకోవాలన్న ఆశా? కమలాపురం వరకూ ఆ ప్రసంగం చెప్పమని పిలిచారు. చెప్పిన ప్రతిసారీ ఒళ్లు పులకరించేది. అదే వింత. దొంగ నోట కూడా దేవుని పని అందంగానే ఉంది.

ఎస్తేరు ఇప్పుడు కడపలో పాఠాలు చెబుతోంది. ఈ ఆదివారం ఊరికి వస్తోంది. కూడికలో నేను లేచి ఆ మాటలు ఎవరివో చెప్పి కూర్చుంటాను. ఆమె క్షమిస్తుందో లేదో తెలియదు. దేవుడు క్షమించాడని నేను ప్రకటించను. ఆయన పేరు పెట్టి ఒకసారి మాట్లాడింది చాలు. అయినా ఇంతవరకు రాసేసరికి గుండె తేలికైంది, పాట పాడాలనిపిస్తోంది.

చదువుతున్న మీరు నాతో కలిసి తల వంచండి. నా కోసం కాదు. ఈ ఆదివారం ఆమె లేచి తన మాట తానే చెప్పేలా చేయమని దేవుణ్ణి అడుగుదాం. తండ్రీ, ఆమె నోరు తెరువు. ఆమేన్.