నేను తాగని బీడీలు

పోయిన వారం మా వాడు చదివే ఆత్మకూరు బడి నుంచి ఒక కాగితం వచ్చింది. బడి చుట్టుపక్కల అంగళ్ళలో పిల్లలకు సిగరెట్లు, గుట్కాలు అమ్ముతున్నారో లేదో చూడడానికి కొందరు పిల్లల్ని మామూలుగా కొనేవాళ్ళలాగా పంపుతారట, ఆ సంగతి అంగడివాళ్ళకు తెలియనివ్వరట, అందుకు మా వాణ్ణి ఎంచుకున్నారు కాబట్టి తండ్రిగా నేను సంతకం పెట్టాలట. మంచి పనే కదా అంది మా ఆవిడ. మంచి పనే, కాదనను. కానీ ఆ కాగితం చదువుతుంటే నాకు కోపం ముంచుకొచ్చింది. ముప్పై ఏళ్ళ నాటి కోపం. అది చల్లారాలని నేను ఎన్నడూ కోరుకోలేదు.

తొంభైల మొదట్లో నేను ఉదయగిరిలో తొమ్మిదో తరగతి చదివేవాణ్ణి. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో అంగడికి పోయి బీడీకట్ట తేని మగపిల్లవాడు ఊళ్ళో ఉండేవాడు కాదు. తండ్రో, తాతో, మేనమామో అరుగు మీద నుంచి కేకేస్తే పరుగెత్తుకుపోయి "మా నాయనకి" అంటే చాలు, ఇచ్చేసేవాళ్ళు. ఇచ్చేవాడికీ తెచ్చేవాడికీ అందులో తప్పు కనిపించేది కాదు. అంగడి గుంజకు కొబ్బరితాడు వేలాడుతూ, దాని కొసన పొద్దంతా నిప్పు రాజుకుంటూ ఉండేది. బీడీ కొన్నవాళ్ళు అక్కడే ముట్టించుకుని వెళ్ళేవాళ్ళు. పిల్లలకు అమ్మకూడదనే చట్టం ఎక్కడైనా ఉందేమో గానీ మా బజారు దాకా మాత్రం రాలేదు.

అలాంటి రోజుల్లో బడి వెనక గోడ దగ్గర పొగ తాగుతూ ముగ్గురు పిల్లలు దొరికిపోయారు. హెడ్మాస్టరు గారు దగ్గర్లోని నలుగురు అంగడివాళ్ళను పిలిపించి, బడి పిల్లలకు పొగాకు సరుకేదీ అమ్మబోమని తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించారు. పెట్టినవాళ్ళు మాట మీద ఉన్నారో లేదో తెలుసుకోవాలని ఆయనకు అనిపించింది. కానీ ఏ పిల్లవాణ్ణి పంపినా, వాళ్ళ నాయన కోసమనుకుని ఇచ్చామని అంగడివాళ్ళు తప్పించుకుంటారు. అందుకని ఆయన బాగా ఆలోచించి నన్ను పట్టుకున్నారు. మా నాయన బజార్లో టైలరు, బాప్టిస్టు సంఘంలో పెద్ద, పొగాకు వాసన కూడా గిట్టని మనిషని ఊరందరికీ తెలుసు. నేను అడిగితే అది నా కోసమేనని వాళ్ళకు అర్థమవుతుంది, అర్థమయ్యీ ఇచ్చారంటే మాట తప్పినట్టే. అదీ ఆయన లెక్క. తెలివైన లెక్కే. అదే లెక్క తిరగబడితే నా గతేమిటని మాత్రం ఆలోచించలేదు.

"మీ నాయనతో కూడా అనొద్దురా, మాటియ్యి. ఏమన్నా అయితే నేను చూసుకుంటా" అన్నారు. మాటిచ్చాను. హెడ్మాస్టరు గారు నన్ను నమ్మి ఒక పని చెప్పారని రెండు రోజులు నేల మీద నడవలేదు.

మొదటి అంగడి బస్టాండు దగ్గర సోడాలమ్మే ఆయనది. "మీ నాయన తాగడు గదరా, ఎవురికి?" అని అడిగి, జవాబు కోసం చూడకుండానే, "ఎవురికైతే నాకేంది" అని నవ్వి కట్ట చేతిలో పెట్టాడు. రెండో అంగట్లో నోటుపుస్తకంతో పాటు గుట్కా పొట్లం అడిగితే రెండూ కలిపి చుట్టి ఇచ్చారు. మూడోది బడి కమిటీ పెద్దమనిషిది, ఊళ్ళో అందరూ నమస్కారం పెట్టే మనిషి. ఆయన విడి బీడీలు రెండు ఇచ్చి, "ఆ మూలకి పొయ్యి ముట్టించుకోరా, ఈడైతే ఎవురన్నా చూస్తారు" అని సలహా కూడా ఇచ్చాడు.

నాలుగోది సాయిబు తాతది. నా నోట్లోంచి మాట రాగానే గల్లా మీద నుంచి వంగి చెవి పట్టుకున్నాడు. "సిగ్గుండాదా? బంగారట్టాంటి మీ నాయన కడుపున పుట్టి! సంతకం పెట్టినాను, నీకే కాదు, ఏ పిలకాయకీ ఇయ్యను" అన్నాడు. ఆ సాయంత్రమే అంగడి మూసి మా ఇంటికి నడిచొచ్చి, పిల్లవాడు చెడిపోతున్నాడు చూసుకోమని నాయనకు చెప్పి వెళ్ళాడు. మాట తప్పిన ముగ్గురి వల్ల నాకు ఏ కష్టమూ రాలేదు. మాట మీద నిలబడిన ఒక్క మనిషి వల్లే వచ్చింది. ఆయన మీద నాకు కోపం లేదు.

"తాగినావా?" అన్నాడు నాయన.

"లేదు నాయనా."

"మరెవురికి?"

హెడ్మాస్టరు గారి పేరు చెప్పలేను. మాటిచ్చాను కదా. గుడ్డలు కొలిచే చెక్క స్కేలుతో కొట్టాడు, అదే మొదటిసారి, అదే చివరిసారి. మర్నాడు హెడ్మాస్టరు గారి గదికి పరుగెత్తాను. ఇప్పుడే బయటపెడితే పని చెడుతుంది, ఆదివారం నేనే మీ నాయనకు చెబుతా, అందాకా ఓర్చుకో అన్నారు. ఓర్చుకున్నాను. ఈలోగా బజారంతా పాకింది. కుట్టుమిషను దగ్గర కూర్చున్న నాయనతో, బట్టలకొచ్చిన ఒకాయన, "ఏం పెద్దయ్యా, మీ ఇంట్లో పొగ పొయ్యిలోదేనా?" అని వెటకారమాడాడు. నాయన తల ఎత్తకుండా మిషను తొక్కుతూనే ఉన్నాడు.

ఆ ఏడు నేను నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుని సంఘంలో చేరవలసి ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక పేర్లు చదివారు. నా పేరు రాగానే నాయనే లేచాడు. తన కొడుకు నడవడి మీద తనకే అనుమానముందనీ, ఆ పేరు కొట్టెయ్యమనీ అడిగాడు. హెడ్మాస్టరు గారు కూడా మా సంఘస్థులే. నాయన పక్క బెంచీలోనే ఉన్నారు. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు చెబుతారు అని నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఆయన పాటల పుస్తకంలో ఏదో పేజీ వెతుక్కుంటూ కూర్చున్నారు.

ఇంటికొచ్చి మాట పక్కన పెట్టి అంతా చెప్పేశాను. నాయన చొక్కా వేసుకుని, నా చెయ్యి పట్టుకుని హెడ్మాస్టరు గారింటికి తీసుకుపోయాడు. ఆయన నావైపు చూడకుండా, "పిలకాయ గదా, దెబ్బలకి భయపడి ఏందో కల్పిస్తున్నాడు" అన్నారు. మూడో అంగడి కమిటీ పెద్దమనిషిది కాబట్టి, నిజం ఒప్పుకుంటే ఆయన పేరూ బయటపెట్టాలి. దానికంటే ఒక టైలరు కొడుకుని అబద్ధాలకోరును చేయడం సులువు.

మరుసటి ఏడు బాప్తిస్మానికి పేరివ్వమంటావా అని నాయన అడిగితే, ముందు హెడ్మాస్టరు గారు నోరు తెరవాలి అన్నాను. ప్రతి ఏడూ అడిగాడు, ప్రతి ఏడూ అదే చెప్పాను. హెడ్మాస్టరు గారు పూలదండలతో రిటైరయ్యారు, ఆ తర్వాత పోయారు. నోరు తెరవలేదు. నాయనా పోయాడు, నా మాట నమ్మాడో ఆయన మాట నమ్మాడో చెప్పకుండానే. ఆ నీళ్ళలోకి నేను ఈనాటికీ దిగలేదు.

ఇప్పుడు అంగళ్ళ ముందు నిప్పు తాడు లేదు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు అమ్మబోమని బోర్డు వేలాడుతోంది. పిల్లల్ని పంపే ముందు తండ్రిని అడుగుతున్నారు, అదీ మంచిదే, ఆనాడు మా నాయనను ఎవరూ అడగలేదు. కానీ కాగితం రెండుసార్లు చదివాను. పిల్లవాడి పేరుకు చోటుంది, తండ్రి సంతకానికి చోటుంది, తేదీకి చోటుంది. పంపేవాళ్ళ సంతకానికి లేదు. నాయన చెక్క స్కేలు నా దగ్గరే ఉంది. అది పెట్టి అడుగున ఒక గీత గీసి, 'ఈ పిల్లవాణ్ణి పంపింది నేనే' అని రాసి, ముందు ఇక్కడ సంతకం కావాలని చెప్పి తిప్పి పంపాను. నా పరువు తీస్తావేంది నాయనా అని మా వాడు అలిగాడు.

కాగితం ఇంకా తిరిగి రాలేదు.