మచ్చు చూసి కొన్న రికార్డర్లు

ఆ రోజుల్లో మా వైపు చిన్న ప్రైవేటు బళ్ళలో ఉద్యోగం ఇచ్చేటప్పుడు మనకేం వచ్చో పెద్దగా అడిగేవారు కాదు, ఏది నెత్తిన పెట్టినా కాదనలేని మొహమా కాదా అని మాత్రం చూసేవారు. నాది సరిగ్గా అలాంటి మొహం. సోషల్ చెప్పడానికని సత్తెనపల్లిలో ఒక బడిలో చేరాను. ఇంటర్వ్యూలో కరస్పాండెంటు గారు ఇంకేమైనా వచ్చా మేడమ్ అని మర్యాదకి అడిగితే, ఆదివారం మా చర్చిలో కీబోర్డు వాయిస్తానండి అని నేనూ మర్యాదకే చెప్పాను. (మర్యాదకి అడిగిన ప్రశ్నకి నిజం చెప్పకూడదని ఆ తరవాత తెలిసింది.) వారం తిరక్కుండానే నేను బడి మొత్తానికి మ్యూజిక్ టీచర్నయ్యాను. ఐదో తరగతికి శుక్రవారం ఆఖరి పీరియడ్ నాది. ఆ పీరియడ్ మీద లెక్కల మాస్టారికి ఎప్పటినుంచో కన్ను. పిల్లలకి భిన్నాలు రావడం లేదని ఆయనా, భిన్నాలకి పిల్లలు రావడం లేదని నేనూ వాదించుకున్నాక కరస్పాండెంటు గారు ఒక తీర్పు చెప్పారు. వార్షికోత్సవంలో స్వాగత గీతం పిల్లలే వాయించాలి. బాగుంటే మ్యూజిక్ ఉంటుంది, లేకపోతే వచ్చే ఏడాది నుంచి అది లెక్కల పీరియడ్.

సంగీతం నా ప్రాణం లాంటి పెద్ద మాటలు నేను చెప్పను. కానీ సోషల్ పీరియడ్లో గడియారం వైపు చూసే పిల్లలు ఆ ఒక్క పీరియడ్లో నా వైపు చూసేవారు. ఇరవై మూడేళ్ళ మనిషికి అది చిన్న సంగతి కాదు.

ఇంతకీ పిల్లలు వాయించడానికి బడిలో ఉన్నది ఒక డోలక్కు, అదీ ఒకవైపే మోగేది. నేను ఫోన్లో వీడియోలు చూసి, చూసి, ప్లాస్టిక్ సొప్రానో రికార్డర్ అయితే బాగుంటుందని తేల్చాను. రికార్డర్ అంటే మాటలు రికార్డు చేసేది కాదు (ఈ ముక్క నేను బళ్ళో అందరికీ చెప్పాల్సి వచ్చింది, సెల్లులు ఎక్కడ వేస్తారని అడిగిన పీఈటీ సారుకి రెండుసార్లు). పిల్లనగ్రోవిని నిలబెట్టి, పైన విజిల్ మూతి తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆ కుటుంబంలో సన్నగొంతు పిల్లని సొప్రానో అంటారు. ఊదితే పలుకుతుంది, చిన్న వేళ్ళకి అందుతుంది, కిందపడితే పగలదు. మొదలుపెట్టేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి. ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు కానీ, కంటితో చూడని, చేత్తో నలపని సరుకు కొనడం మా ఇంటా వంటా లేదు. అందుకని మా పెద్దనాన్నని తోడు తీసుకుని గుంటూరు బయల్దేరాను.

పెద్దనాన్న గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన మిర్చి యార్డులో ఒక వ్యాపారి దగ్గర కాయ చూసే పని చేసేవాడు. రైతు తెచ్చిన టిక్కీలోంచి (మిరప బస్తాని మా దగ్గర టిక్కీ అంటారు) గుప్పెడు కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, ఒకదాన్ని విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఫలానా రకం, ఇంత ఆరింది, ఈ ధర పలుకుతుంది అని చెప్పేసేవాడు. ఆ గుప్పెడునే మచ్చు అంటారు. మచ్చు చూసి లాటు మొత్తం కొంటారు. అది అక్కడి ఆచారం. పెద్దనాన్న పెళ్ళి కూడా పెద్దమ్మ వాళ్ళ అన్నయ్యని చూసి ఖాయం చేసుకున్నదేనని మా ఇంట్లో ఒక మాట ఉంది.

వాయిద్యాల షాపాయన ముందు మాకు ఎరుపూ పచ్చా రంగుల బొమ్మ పీకలు చూపించాడు. పెద్దనాన్న వాటిని గోటితో నొక్కి పక్కన పెట్టేశాడు. తరవాత షాపాయన పాల మీగడ రంగులో, మూడు ముక్కలుగా విడిపోయే అసలు రికార్డరు తీశాడు. పెద్దనాన్న దాన్ని అందుకుని చెవి దగ్గర ఆడించాడు. (గింజలు లేవు.) వాసన చూశాడు. ఆపైన గుండెనిండా గాలి పీల్చి ఊదాడు. రోడ్డు మీద పోతున్న ఆటో ఒకటి, పోలీసు ఆపాడనుకుని కాబోలు, ఆగింది. "ఘాటుంది," అన్నాడు తృప్తిగా. నేను మాత్రం ఫోన్లో చదువుకున్నదంతా గుర్తు చేసుకుంటూ, అన్ని చిల్లులూ మూసి, అన్నిటికన్నా కింది స్వరం మెల్లగా ఊది చూశాను. మంచి రికార్డర్ అయితే ఆ స్వరం సన్నటి ఊపిరికే పలకాలి. పలికింది. అతుకులు బిగుతుగా ఉన్నాయి, మూతి నున్నగా ఉంది, చిల్లులు పిల్లల వేళ్ళకి అందేలా ఉన్నాయి. నా ఎంపికకి నేనే మురిసిపోయాను. క్లాసుకి సరిపడా కావాలన్నాం. షాపాయన నిజాయితీపరుడు, ఇందులో కొన్ని పాత స్టాకు, కొన్ని కొత్తగా వచ్చినవి, రెండూ మంచివే, అయినా అన్నీ చూసుకోండి అన్నాడు. నేను డబ్బాలు విప్పబోతుంటే పెద్దనాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మచ్చు బాగుంటే లాటు బాగున్నట్టే అమ్మాయ్. టిక్కీలో కాయలన్నీ కొరికి చూస్తారా ఎవరైనా?"

అంత అనుభవం ముందు నా చదువు నోరు మూసుకుంది.

రికార్డర్ పాఠం మెట్ల మీద నుంచి కిందికి దిగినట్టు ఉంటుంది. ఎడమచేతి వేళ్ళతో పై స్వరాలు ని, ధ, ప ముందు నేర్పి, తరవాత కుడిచేతికి వస్తాం. మొదటి శుక్రవారం ఐదో తరగతి అంతా ఒక్కసారి ఊదినప్పుడు ఆఫీసు రూములోంచి ఆయా ఫైరింజను వచ్చిందా అంటూ పరిగెత్తుకొచ్చింది. వేడి పాలు ఊదినట్టు ఊదండిరా అని చెప్పి, చెప్పి, కొన్ని వారాలకి దారికి తెచ్చాను. పై మూడు స్వరాలతో మా కాపురం సుఖంగా సాగింది. కరస్పాండెంటు గారు కిటికీ దగ్గర ఆగి తలాడించి వెళ్ళేవారు. లెక్కల మాస్టారు కూడా ఆగేవారు, తల మాత్రం ఆడించేవారు కాదు.

వార్షికోత్సవం వారంలోకి వచ్చింది. కుడిచేతి చూపుడు వేలు కూడా దించి మ వాయించండి అన్నాను. అప్పుడు వచ్చిన శబ్దం నేను ఈనాటికీ మర్చిపోలేను. సగం క్లాసు ఒక మ, మిగతా సగం ఇంకో మ. ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేని తోడికోడళ్ళ లాంటి రెండు మలు. స్వాగత గీతంలో రెండో చరణం నిండా ఆ స్వరమే. నేను ముందు పిల్లల ఊపిరిని అనుమానించాను, తరవాత వేళ్ళని, ఆ తరవాత మిరప కోతల కాలం కదా అని జలుబుని. మూడో బెంచీలో ఒక పిల్ల ఉండేది, ప్రతిదానికీ ఎందుకు అంటుందని టీచర్లందరం దాన్ని ఎందుకమ్మ అనేవాళ్ళం. తప్పు మ దాని దగ్గర్నుంచి మరీ స్పష్టంగా వస్తోంది. మళ్ళీ, మళ్ళీ అని దానిచేత వాయించాను. చివరికి అది రికార్డరు దించి నా వైపు తిరిగింది. "నా వేళ్ళు కరెక్టుగానే ఉన్నాయి టీచర్. పక్కోడిది ఇవ్వండి, దాని మీద వాయిస్తా," అంది. ఇచ్చాను. గౌనుకి తుడుచుకుని ఊదింది. మ అంటే మ, మచ్చలేని మ.

అప్పుడు రెండు రికార్డర్లూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదాని నాలుగో చిల్లు పెద్దది, ఐదోది చిన్నది. రెండోదానికి అది తిరగబడింది. ఫోన్లో వెతికితే విషయం తెలిసింది. రికార్డర్లు జర్మన్ అనీ బరోక్ అనీ రెండు రకాలట. రెండూ మంచివే, కానీ మ దగ్గర వేళ్ళు వేసే పద్ధతి వేరు. జర్మన్‌కి వేళ్ళు వరసగా దించితే చాలు. బరోక్‌కి మధ్యవేలు లేపి, ఉంగరం వేలూ చిటికెన వేలూ కూడా దించాలి. మా లాటులో రెండు రకాలూ కలిసిపోయాయి. షాపుకి ఫోన్ చేస్తే ఆయన పాపం మారుస్తానన్నాడు గానీ, ఒకే రకం అన్ని రావాలంటే వార్షికోత్సవం దాటిపోతుంది. తరవాత పెద్దనాన్నకి చెప్పాను. మర్నాడు పొద్దున్నే బస్సు దిగి బడికొచ్చేశాడు.

వరండాలో చాప వేసుకుని కూర్చుని, పిల్లలందరి దగ్గరా రికార్డర్లు తీసుకుని, చిల్లు చూసి రెండు కుప్పలు పోయడం మొదలుపెట్టాడు. చెయ్యి యార్డులో ఆడినట్టే ఆడింది. చేత్తోపాటు నోరు కూడా ఆడింది. ఇది కాయ, ఇది తాలు, ఇది కాయ, ఇది తాలు. మిరప ఇళ్ళ పిల్లలకి తాలంటే చెప్పక్కర్లేదు, రంగు పోయి తెల్లబారిన కాయ, ఏరి అవతల పారేసేది. ఎందుకమ్మ తన రికార్డరు రెండో కుప్పలో పడటం చూసింది.

"మాది తాలా తాతా? మా అమ్మ కూలికెళ్ళి రోజంతా తాలే ఏరుద్ది."

పెద్దనాన్న చెయ్యి ఆగిపోయింది. ఆ కుప్పలోంచి దాని రికార్డరు తీసి, పంచెతో తుడిచి, దాని చేతికిచ్చాడు. "తాలు కాదమ్మా, నోరు జారింది. ఇది రకం వేరు. మిరపలో తేజ ఉంది, బ్యాడిగ ఉంది, రెండూ కాయలేగా. అన్నిట్నీ ఒకే రకంగా వండబోయాం, తప్పు మాది," అన్నాడు. మాది అనడంలో నన్ను కూడా కలుపుకున్నాడు, అది ఆయన పెద్దమనసు.

నాకు ఒక సులువైన దారి కనిపించింది. రెండో రకం పిల్లలు మ దగ్గర ఊదకుండా ఊరికే పట్టుకుంటే చాలు, చూసేవాళ్ళకి తెలియదు, పీరియడ్ దక్కుతుంది. చెప్పాను. అందరూ తలూపారు, ఎందుకమ్మ తప్ప. అది నన్నే చూస్తూ, ఈసారి ఎందుకు అని కూడా అడగలేదు. ఆ అడక్కపోవడం భరించలేక వాళ్ళని విడిగా కూర్చోబెట్టి రెండో పద్ధతి నేర్పాను. ఐదో తరగతి చిటికెన వేలు చూశారా ఎప్పుడైనా? అది ఆ చివరి చిల్లు దాకా సాగాలంటే దానికి ప్రార్థన కూడా తోడవ్వాలి. ఆ వారమంతా పిల్లలు క్యారేజీ మూతల మీద, బెంచీల మీద, ఒకరి వీపు మీద ఒకరు వేళ్ళు దించుతూనే ఉన్నారు. వార్షికోత్సవం పొద్దుటి రిహార్సల్లో కూడా రెండు మూడు వేళ్ళు జారాయి. సందేహం ఉన్నవాళ్ళు అక్కడ ఆగిపోండి, ఏం పర్లేదు అని చెప్పి స్టేజీ ఎక్కించాను.

ఎవరూ ఆగలేదు. రెండో చరణం రాగానే వెనక వరసలో నిలబెట్టిన రెండో రకం పిల్లల మధ్యవేళ్ళు పైకి లేచాయి, చిటికెన వేళ్ళు కిందికి దిగాయి, మ వచ్చింది. ఎవరిదో ఒకటి పిల్లికూనలా కీచుమంది గానీ, అది కూడా మ లోనే కీచుమంది. పాట అయ్యాక కరస్పాండెంటు గారు తెర వెనక్కి వచ్చి, వెనక వరస పిల్లలు వేళ్ళు ఎక్కువ వేస్తున్నారు, వాళ్ళు అడ్వాన్స్‌డ్ బ్యాచా మేడమ్ అని అడిగారు. నేను నోరు విప్పేలోపే, పక్కనే రికార్డరు సంచిలో పెట్టుకుంటున్న ఎందుకమ్మ జవాబిచ్చింది.

"అవును సార్. మాది రకం వేరు."

వచ్చే ఏడాది పీరియడ్ ఉంచుదాంలెండి అన్నారాయన. మాస్టారి భిన్నాలకి గురువారం చోటు చూశారు. నిజానికి ఎందుకమ్మ అబద్ధం చెప్పలేదని నాకు కొన్నేళ్ళకి గానీ తెలియలేదు. ముందుముందు ఇంకా పాటలు నేర్చుకునేవాళ్ళు ఎందుకమ్మ వాయించిన ఆ బరోక్ రకమే కొనుక్కోవడం మేలని ఇప్పుడు నన్నడిగిన తల్లిదండ్రులకి నేనే చెబుతున్నాను. క్లాసుకయితే అన్నీ ఒకే రకం తీసుకోండి, ఒక్కోదాన్నీ విప్పి ఊది చూడండి అని కూడా చెబుతాను. చాలా అనుభవమున్నదానిలా చెబుతాను, వాళ్ళూ నమ్ముతారు.

ఆ రోజు తెర వెనక నిలబడ్డ ఆ ఇరవై మూడేళ్ళ అమ్మాయి మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తుంటుంది. ఇస్త్రీ చీర కొంగు ఒక చేత్తో నలిపేస్తూ, రెండో చేత్తో గాలిలో వేళ్ళు దించుతూ నిలబడింది. మెల్లగా ఊపిరి తీసుకోండి, మెల్లగా వదలండి అని పిల్లలకి వారాల తరబడి చెప్పిన ఆ టీచరు, పాట అయ్యేదాకా తను ఊపిరి తీసుకోవడం మర్చిపోయింది. వెళ్ళి దాని భుజం తట్టి, పర్లేదమ్మా, మ వస్తుంది, కాస్త గాలి పీల్చుకో అని చెప్పాలనిపిస్తుంది.