కొంచెం సన్నమైన మనసు

ఈ ప్రయాణం నాటికి నాకు అక్షరాలు రావు. యాభై దాటాక నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

కంటి ఆపరేషన్ కోసం పొందూరు నుంచి చెన్నై వెళ్తున్నాను. చూపు పోతే నూలు వడకలేను. రైల్లో నా ఎదుట గరివిడి అమ్మాయి కూర్చుంది. ముసలివాళ్ళను చూసుకునే పనికి జపాన్ వెళ్తోందట. ఆ దేశపు మాటలు పైకే వల్లె వేస్తోంది.

"భయమేస్తే ఆళ్ళేటంతారే అమ్మీ?" అని అడిగాను.

"చొత్తో కొకొరొబొసొయి అంతారు పిన్నీ. కొంచెం మనసు సన్నంగా ఉన్నాది అని."

"సన్న నూలు ఊరికే తెగిపోతాది కదే!"

"అందుకే సెప్తారట. సెప్తే పక్కోళ్ళు మెల్లగా పట్టుకుంతారు. నాకూ ఇప్పుడలాగే ఉన్నాది పిన్నీ."

భయాన్ని అంత తేలిగ్గా చెప్పుకున్న ఆడపిల్లను నేనెప్పుడూ చూడలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మా ఇళ్ళలో ఆడవాళ్ళం, ఏమైందని అడిగితే "ఏటీ నేదు" అంటాం, అంతే.

మర్నాడు పొద్దున ఆసుపత్రిలో తెలుగు నర్సు, "భయంగా ఉందా అమ్మా?" అని అడిగింది. "ఏటీ నేదు" నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "కొంచెం మనసు సన్నంగా ఉన్నాదమ్మా" అన్నాను.

ఆమె కుర్చీ నా మంచం దగ్గరకు లాక్కుంది.