ఇనుప ఊచల కోసం ఆగిన ఓడ

తొంభైల్లో నేను విశాఖ రేవు నుంచి అండమాన్ దీవులకు సరుకు మోసే చిన్న ఓడలో ఖలాసీగా పనిచేశాను. బియ్యం, ఉల్లిపాయలు, కిరసనాయిలు, సిమెంటు తీసుకెళ్లేవాళ్లం. పెద్ద దీవిలో సగం దింపి, మిగతాది దక్షిణాన ఓ చిన్న దీవికి చేర్చేవాళ్లం. అక్కడ జెట్టీ లేదు. దూరంగా లంగరేస్తే జనం నాటుపడవల్లో వచ్చి బస్తాలు దింపుకునేవారు. అక్కడున్న ఒక్క దుకాణానికీ మా ఓడే దిక్కు.

భీమిలి నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ జాలరి దంపతులు ఉండేవారు. ఆమెను అప్పా అనేవాణ్ణి, మావైపు అక్కను అలాగే పిలుస్తాం. భర్తకు ఉబ్బసం. ప్రతిసారీ ఆయన బిళ్లలూ, పీల్చే మందూ విశాఖలో కొని నేనే తీసుకెళ్లేవాణ్ణి.

ఒక నవంబరులో సరుకెక్కాక తుపాను హెచ్చరిక వచ్చింది. నాలుగు రోజులు ఆగాం. గాలి తగ్గింది, ఎండ కాసింది. అయినా ఓడ కదల్లేదు. దాన్ని బాడుగకు తీసుకున్న కాంట్రాక్టరు పెద్ద దీవిలో గోదాము కడుతున్నాడు. దానికి గాజువాక నుంచి ఇనుప ఊచలు రావాలి.

ఖలాసీలకు పెద్ద అయిన మా సరంగును అడిగాను.

"బావా, అక్కడ బియ్యం అయిపోయుంటాయి కదా?"

"నానేటి సేత్తాను? ఊచలెక్కితేగానీ తాళ్లిప్పొద్దన్నారు. లారీలు రానేదు."

అలా ఇంకో పన్నెండు రోజులు పోయాయి. మందు నా పెట్టెలోనే ఉంది. ఉల్లిపాయలు కుళ్లి నీరు కారాయి. బయల్దేరాక వాటిని సముద్రంలో పారబోశాం.

చిన్న దీవి చేరేసరికి ఒడ్డున ఎప్పటి సందడి లేదు. మొదటి పడవలో అప్పే వచ్చింది. మందు పొట్లం చాపితే తీసుకోలేదు.

"పోనాడు, తమ్ముడా. ఆరు రోజులైంది. ఎందుకింత ఆలీసం?"

"తుపాను, అప్పా," అన్నాను.

"గాలికి మీరేటి సేత్తారు," అని నన్నే ఓదార్చి, ఇరుగుపొరుగు కోసం బియ్యం బస్తాలు పడవలోకి దింపించుకుంది.

భీమిలిలో అన్న దగ్గరకు వచ్చేస్తానని తిరుగు ప్రయాణంలో మా ఓడే ఎక్కింది. రెండు రోజులు నేను పెట్టిన అన్నం తిన్నది. మూడో రోజు మధ్యాహ్నం చెప్పేశాను.

"తుపాను నాలుగు రోజులే, అప్పా. మిగతా పన్నెండూ ఇనుప ఊచల కోసం ఆగినాం. నీకాడ నాను అబద్దమాడినాను."

ఆమె తింటున్న పళ్లెం పక్కకు జరిపింది.

"రేడియోలో తుపానని ఇని గాలినే తిట్టుకున్నాడు," అంది. "ఊపిరందకపోయినా తిట్టుకున్నాడు. ఎవుల్ని తిట్టాలో తెలీకుండా పోనాడు."

ఆ పూట నుంచి నా చేతి అన్నం ముట్టలేదు. సరంగు పెడితే రెండు ముద్దలు తింది. రేవులో మూట మోస్తానన్నాను, ఇవ్వలేదు. ఆమె అన్న వచ్చి తీసుకెళ్లాడు.

తర్వాత కూడా ఓడ చాలాసార్లు ఆలస్యమైంది. ఎవరడిగినా ఉన్న కారణం చెప్పేవాణ్ణి. ఒకసారి అది విన్న దీవివాళ్లు కాంట్రాక్టరు మనిషిని నిలదీశారు. విశాఖ చేరగానే నన్ను దిగిపొమ్మన్నారు. రెండు నెలలు ఖాళీగా ఉండి, మా నాన్నతో చేపల వేటకు పోవడం మొదలుపెట్టాను.